వేట నిషేధం ముగిసేలోగా మా సెట్లు తిరిగి రావాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. ఆ 61 రోజుల్లోనే నిజాంపట్నం హార్బర్‌లో బోట్లు ఒడ్డెక్కుతాయి. చెక్కల సందులు పూడ్చడం, రంగులు వేయడం, ఇంజిన్ విప్పడం అన్నీ అప్పుడే. జీపీఎస్, నీటి లోతును, చేపలను చూపే ఫిష్ ఫైండర్, బోట్లు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ వైర్‌లెస్, ఈ సెట్ల రిపేర్లు కూడా అప్పుడే తేలాలి. ఇంజిన్‌కు మెకానిక్ జెట్టీ మీదే దొరుకుతాడు. సెట్టు మాత్రం రేపల్లె మీదుగా గుంటూరుకో విజయవాడకో వచ్చి, అక్కణ్ణుంచి కొరియర్‌లో వేరే రాష్ట్రానికి పోవాలి. మే నెలలో పంపింది జూన్ 14 లోపు రాకపోతే, బోటు అది లేకుండానే మొగ (నీళ్ళు సముద్రంలో కలిసే చోటు) దాటుతుంది. ఇసుక మేటలు వేసే మొగలో కింద ఎన్ని బారల నీరుందో చూపించేది ఆ సెట్టే.

మేం మాట్లాడుతున్నది పది వేల నుంచి ముప్పై వేల లోపు దొరికే సెట్ల గురించి. లక్షలు పెట్టి కొనే సెట్లకు డీలరు ఉంటాడు, మనిషి వస్తాడు. చిన్న ఫైబర్ బోటు వాళ్ళు కొనేది ఈ తక్కువ ధర సరుకే. సరుకు చెడ్డదని మా ఫిర్యాదు కాదు. వాటిలో చాలా వరకు బాగానే పనిచేస్తాయి. పాడైన రోజున పలికే నాథుడు లేకపోవడమే మా బాధ.

ముందు కంపెనీల వైపు నుంచి ఒక న్యాయమైన మాట చెప్పాలి. సెట్టు చచ్చిపోయిందంటూ వచ్చేవాటిలో చాలా వాటికి అసలు జబ్బు వైరింగులో ఉంటుంది. 25 వాట్ల వీహెచ్ఎఫ్ సెట్టు మాట్లాడేటప్పుడు ఇంచుమించు 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి క్యాబిన్‌కు 8 మీటర్ల దూరం అనుకుంటే, పోను రాను 16 మీటర్ల తీగ. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేస్తే దాని నిరోధం 0.28 ఓమ్. అంటే బటన్ నొక్కగానే 1.7 వోల్టులు తీగలోనే పోతాయి. 12 వోల్టుల బ్యాటరీ సెట్టు దగ్గర 10.3 అవుతుంది, సెట్టు ఆగిపోతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.4 వోల్టు మాత్రమే. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీకే ఫిష్ ఫైండర్ కలిపితే మరో తంటా. సెల్ఫ్ కొట్టిన క్షణాన వోల్టేజి పడిపోయి సెట్టు ఆఫ్ అయి ఆన్ అవుతుంది. దానికి విడిగా చిన్న బ్యాటరీ పెట్టి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేస్తే చాలు.

ఈ నాలుగు మాటలు తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి డబ్బాలో పెడితే కంపెనీకే సగం బరువు తగ్గుతుంది. ఇప్పుడు డబ్బాలో ఉండేది కంటికి ఆనని అక్షరాల ఇంగ్లీషు పుస్తకం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఇంగ్లీషు, హిందీ తప్ప మూడో నంబరు ఉండదు. లైన్ కలిసినా అవతలి మనిషికి బోటు తెలియదు. ‘వైఫై ఆపి మళ్ళీ ఆన్ చేయండి’ అంటాడు, వైఫై లేని సెట్టుకు.

ఫిష్ ఫైండర్ సంగతి దగ్గరగా చూడండి. అది రెండు ముక్కలు: పైన స్క్రీను, కింద నీళ్ళలో ఉండి శబ్దం పంపి, దాని ప్రతిధ్వని పట్టే ట్రాన్స్‌డ్యూసర్. దెబ్బ తినేది ఎక్కువగా రెండోదే. గుల్లలు పట్టడం, దాని ముఖం మీద మందపాటి రంగు వేయడం, ప్రొపెల్లర్ నురగ తగిలే చోట బిగించడం, కేబుల్ తెగితే మామూలు తీగతో అతికించడం, వీటిలో ఏది జరిగినా స్క్రీన్ మీద బొమ్మ చెదురుతుంది, లేదా లోతు అంకెలు ఇష్టం వచ్చినట్టు గెంతుతాయి. తెలుసుకోవడం పెద్ద పనేమీ కాదు. బోటు ఒడ్డున ఉండగా సెట్టు ఆన్ చేసి ట్రాన్స్‌డ్యూసర్‌కు చెవి ఆనిస్తే సన్నగా టక్ టక్ వినిపించాలి. అదే మోడల్ ఉన్న పక్క బోటు ట్రాన్స్‌డ్యూసర్ తెచ్చి తగిలిస్తే, స్క్రీను మంచిదో కాదో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంత తేల్చి చెప్పినా కంపెనీ జవాబు ఒకటే: సెట్టు మొత్తం పంపండి. అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ ఊడదీయాలంటే బోటు ఒడ్డెక్కాలి. తీరా పంపితే, విడిగా ట్రాన్స్‌డ్యూసర్ అమ్మం, కొత్త సెట్టు కొనుక్కోండి అంటారు. కొత్త మోడల్‌కు పిన్ను మారిపోయి ఉంటుంది, పాత కేబుల్ దానికి పట్టదు.

వారంటీ తిరస్కరించడానికి వాళ్ళకు దొరికే మాట ‘నీరు దిగింది’. నీరు దిగదని చెప్పే ఐపీఎక్స్7 గుర్తు డబ్బా మీద వేస్తారు. ఆ పరీక్ష ఒక మీటరు లోతు నిలకడ నీటిలో 30 నిమిషాలు. ఉప్పు తుంపర రోజూ కొడుతుంటే ముందు పాడయ్యేది వెనక ప్లగ్గు. పిన్నులు పచ్చబడతాయి. రోజూ మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, ప్లగ్గుకు కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే చాలా కాలం వస్తుంది. ఇవన్నీ చేసిన సెట్టుకు కూడా ఫోటో చూపకుండా, విప్పి చూసినట్టు రుజువు లేకుండా, ఒక్క మెసేజ్‌తో వారంటీ రద్దు చేస్తున్నారు. రానూపోనూ కొరియర్ ఖర్చు మాత్రం మత్స్యకారుడిదే.

అంతకన్నా పెద్ద నష్టం ఒకటుంది. సర్వీసు సెంటర్‌లో సెట్టు చేతికి రాగానే ఫ్యాక్టరీ రీసెట్ కొడతారు. అందులో సరంగు (బోటు నడిపేవాడు) ఏళ్ళ తరబడి దాచుకున్న మార్కులు ఉంటాయి: చేప దొరికే చోట్లు, వలలు చిరిగే రాళ్ళు, మునిగిన బోట్ల తావులు. అన్నీ ఒక్క నొక్కుతో పోతాయి. తక్కువ ధర సెట్లలో చాలా వాటికి మెమరీ కార్డు పెట్టే సందే ఉండదు. పుస్తకంలో రాసుకోవడమే దారి, అందులోనూ జాగ్రత్త కావాలి. 15 డిగ్రీల 40.500 నిమిషాలు అని సెట్టు చూపిస్తే దాని అర్థం 40 నిమిషాల 30 సెకన్లు. 40 నిమిషాల 50 సెకన్లుగా రాసుకుంటే చోటు 600 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. రాయి ఒక చోట, వల ఇంకో చోట. రీసెట్ చేసే ముందు యజమానిని అడిగి మార్కులు దించి ఇవ్వాలన్న నిబంధన పెట్టడానికి ఖర్చేముంది?

అయ్యా, చట్టం మా వైపే ఉందని మాకు తెలుసు. ఆన్‌లైన్‌లో కొన్న సెట్లకు 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. ఆ నెల గడువు పాటించినా చాలు, ఏప్రిల్‌లో పంపిన సెట్టు నిషేధం ముగిసే లోపు చేతికొస్తుంది. ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు ఉండాలని తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. డబ్బా తిప్పి చూస్తే కొన్నింటికి స్టిక్కరే ఉండదు, ఉన్నదాని మీది నంబరు పనిచేయదు. ‘బోటు వ్యాపారానికి వాడేది, కాబట్టి మీరు వినియోగదారులు కారు’ అని బెదిరించే అమ్మకందారులూ ఉన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలో, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే సరుకు వాణిజ్య అవసరం కిందికి రాదని స్పష్టంగా ఉంది. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. కొన్న ఊళ్ళో కాకుండా ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఈ మాటలు జెట్టీ దాకా చేరలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు హార్బర్ గోడ మీద తెలుగులో రాయిస్తే అదే మంచి మొదలు.

మీ శాఖ నుంచి మేం కోరేది ముఖ్యంగా ఒకటి: వచ్చే నిషేధ కాలంలో నిజాంపట్నంలోను, మచిలీపట్నం గిలకలదిండిలోను ఈ సెట్లు అమ్మే కంపెనీల చేత సర్వీసు శిబిరం పెట్టించండి. నెల పొడుగునా అక్కర్లేదు. మేలో వారం, జూన్ మొదటి వారంలో రెండు రోజులు చాలు: మొదటిసారి తీసుకోవడానికి, రెండోసారి తిరిగి ఇవ్వడానికి. ఒక టేబుల్, వోల్ట్‌మీటర్, ప్రతి మోడల్‌కూ పనిచేసే ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి, పవర్ కేబుళ్ళు, యాంటెన్నా పరీక్షించే మీటరు ఉంటే చాలా ఫిర్యాదులు అక్కడికక్కడే తీరతాయి. వారంటీ కాదంటే కారణం, విప్పిన బోర్డు ఫోటో జాబ్ షీటు మీద ఉండాలి. రాష్ట్రంలో అమ్మే ప్రతి మోడల్‌కూ ట్రాన్స్‌డ్యూసర్, కేబుల్, బ్రాకెట్ విడిగా దొరికేలా ధరల పట్టిక బయట పెట్టించండి. విజయవాడ, గుంటూరు షాపుల్లోని డబ్బాలను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్లు ఒక్కసారి తిప్పి చూస్తే స్టిక్కర్ల సంగతి తేలిపోతుంది.

కేంద్రం ‘రైట్ టు రిపేర్’ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) మొదలుపెట్టినప్పుడు నాలుగు రంగాలు తీసుకుంది: వ్యవసాయ యంత్రాలు, మొబైల్ ఫోన్లు, ఇంట్లో వాడే ఉపకరణాలు, వాహనాలు. ట్రాక్టరుకు దక్కిన ఆ చోటు బోటు సెట్టుకు కూడా దక్కేలా రాష్ట్రం తరఫున ఒక లేఖ రాయండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోట్లకు ఉచితంగా బిగిస్తున్న, బోటు ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండర్లకూ రేపు ఇదే రిపేరు సమస్య వస్తుంది. వాటి సర్వీసు ఎవరిది, ఎన్ని రోజుల్లో అన్నది కూడా మత్స్యశాఖతో కలిసి ఇప్పుడే తేల్చండి.

శిబిరం తేదీలు ఏప్రిల్ 15కు ముందే హార్బర్‌లో తెలియాలి. బోటు ఒడ్డెక్కాక తెలిస్తే, ట్రాన్స్‌డ్యూసర్ ఊడదీయకముందే అడుగుకు రంగు పడిపోతుంది.

ఇట్లు,
గుంటూరు, బాపట్ల జిల్లాల బోటు యజమానులు, సెట్లు బాగుచేసే పనివాళ్ళు