కువైట్‌లో మా అమ్మకు తోడున్న పాస్టరమ్మగారికి...

కువైట్‌లో పక్షవాతం వచ్చిన అమ్మ ఇంటికి వచ్చేసింది. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాట కూడా సరిగా రావడం లేదు. కానీ అందరినీ గుర్తుపడుతోంది. నిన్న పొద్దున నా కూతుర్ని దగ్గరికి లాక్కుని ఎడమ చేత్తో బుగ్గ నిమిరింది. రాత్రి నాలుగు ముద్దలు సంగటి తింది. ప్రార్థన చేసిన అందరికీ వందనాలు. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఈ పోస్టు ముఖ్యంగా ఒకరి కోసం. తన పేరు రాయొద్దని, ఫోటో పెట్టొద్దని ఆమె గట్టిగా చెప్పారు. అందుకే పాస్టరమ్మగారు అనే రాస్తాను. వాళ్లది కనిగిరి వైపు. మాది ఆత్మకూరు దగ్గర పల్లె. చుట్టరికం లేదు, పరిచయం లేదు. నేను ఇప్పటికీ ఆమెను ఎదురుగా చూడలేదు.

మా సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్తాను. నాన్న పోయేటప్పటికి బోర్ల కోసం చేసిన అప్పులు అలాగే ఉన్నాయి. అవి తీర్చడానికి అమ్మ ఖద్దామా వీసా (ఇంటి పనివాళ్ల వీసా) మీద కువైట్ వెళ్లింది. అప్పు తీరాక నా పెళ్లి, తర్వాత తమ్ముడి చదువు. ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అంటూ అక్కడే ఉండిపోయింది. మంగాఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పని. 2024 జూన్‌లో బిల్డింగ్‌కు మంటలంటుకుని మనవాళ్లు అంతమంది చనిపోయారే, ఆ మంగాఫే. అక్కడ ఒకవైపు మనలాంటివాళ్లు ఉండే ఫ్లాట్లు, ఇంకోవైపు కువైటీల విల్లాలు. విల్లాల్లో పనిచేసే ఆడవాళ్లు గేటు దాటేది చాలా తక్కువ. రాత్రి చెత్త పారేయడానికి, బకాలాకు (చిల్లర కొట్టుకు) పోయి కుబ్బూస్ రొట్టెలు తేవడానికి, ఆ ఇంటి పిల్లల్ని కాసేపు ఆడించడానికి, అంతే. అమ్మకు శుక్రవారం కూడా సెలవు ఉండేది కాదు.

పాస్టరమ్మగారి కుటుంబం ఆ ఫ్లాట్ల వైపు ఉంటుంది. ఆమె భర్త అయ్యగారు పగలు ఒక కంపెనీలో స్టోర్స్ పని చేస్తారు, మిగిలిన టైమంతా పరిచర్య. ముస్లింల మధ్య మత ప్రచారం అక్కడ నిషేధం, కాబట్టి వీళ్లు పనిచేసేది మన తెలుగువాళ్ల మధ్యనే. శుక్రవారం ఆరాధన కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో జరుగుతుంది. ఎన్నో భాషలవాళ్లు వంతులవారీగా అక్కడే కూడుకుంటారట. కానీ అక్కడిదాకా రాగలిగేది సెలవు ఉన్నవాళ్లే. రాలేనివాళ్ల సంగతేంటని ఆలోచించి, రాత్రి చెత్త బయటికి వచ్చే టైముకు పాస్టరమ్మగారు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ వీధిలోకి వెళ్లడం మొదలుపెట్టారు.

రోజూ అదే పని. వీధి చివర పెద్ద చెత్తడబ్బాల దగ్గర నడుస్తూ ఉంటారు. తెలుగు మాట వినపడితే ఆగి, "ఏ ఊరమ్మా మీది?" అని అడుగుతారు. అమ్మ చెత్త సంచి మోస్తూ చిన్నప్పటి కీర్తన ఏదో పాడుకుంటుంటే విని ఆగారట. అమ్మ ఆత్మకూరు అనగానే, "మాది కనిగిరి, మనం పక్కపక్క తాలూకాలోళ్లమేగా" అన్నారట. నిజానికి మధ్యలో ఉదయగిరి ఉంది. అంత దూరంలో అదేం లెక్క, అమ్మకు సొంత మనిషి దొరికినంత పనైంది.

ఆ తర్వాత నుంచి ఆ నాలుగైదు నిమిషాలే అమ్మకు ఆదివారం, పండగ, పుట్టిల్లు. డబ్బాలో కాస్త గోంగూర పచ్చడి, ఒక్కోసారి పెరుగన్నం. ఫోన్‌లో బ్యాలెన్స్ లేకపోతే రీఛార్జ్. నిలబడే రెండు మాటల ప్రార్థన. బీపీ మాత్రలు అయిపోతే తెచ్చివ్వడం. ఇంటివాళ్లకు ఇబ్బంది కలగకూడదని ఒక్కరోజు కూడా గేటు లోపలికి అడుగుపెట్టలేదట. ఎవరైనా తిట్టినా, జీతం ఆపినా, అమ్మలాంటివాళ్లు చెప్పుకునేది ఆమెకే. అందరివీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఊరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, పనిచేసే ఇంటి బ్లాకు, స్ట్రీట్, ఇంటి నంబరు, వాడే మందులు.

1840లో మిషనరీ శామ్యూల్ డే దొరగారు సముద్రం దాటి నెల్లూరు వచ్చారని సండే స్కూల్లో చెప్పేవాళ్లు. మా అమ్మ పుట్టింది కూడా నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆడవాళ్ల ఆసుపత్రిలోనే. మన దగ్గరికి వచ్చిన మిషనరీల గురించి విని పెరిగాను గానీ, కనిగిరి నుంచి ఒక కుటుంబం పరాయి దేశం పోయి మన ఆడవాళ్ల కోసం చెత్తడబ్బాల దగ్గర నిలబడుతోందని నాకు తెలియదు. వాళ్లకు బ్యానర్ లేదు, యూట్యూబ్ ఛానెల్ లేదు.

వరసగా రెండు రాత్రులు అమ్మ చెత్త సంచితో రాలేదు. ఆ సంగతి గమనించింది ఈ ప్రపంచంలో ఒక్క మనిషి. అమ్మ బదులు సంచి తెచ్చిన శ్రీలంక అమ్మాయిని ఆపి అడిగితే, ఆ పిల్ల చేత్తో తల చూపించి, కిందపడినట్టు సైగ చేసిందట. వెంటనే అయ్యగారిని పిలిపించి, ఆ ఇంటి డ్రైవర్‌ను పట్టుకుని ఏ ఆసుపత్రో కనుక్కున్నారు. వెళ్లి కళ్లారా చూసి, అప్పుడు నోటు పుస్తకం తీసి నాకు ఫోన్ చేశారు. అప్పటిదాకా ఇక్కడ మాకు ఎవ్వరూ ఒక్క మాట చెప్పలేదు. ఆమె ఫోన్ చేయకపోతే మాకు ఎప్పుడు తెలిసేదో, అసలు ఏమని తెలిసేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు వణుకుతుంది.

పక్షవాతం. మెదడులో ఎడమవైపు దెబ్బ తిన్నదని డాక్టర్లు చెప్పారు. విజిటింగ్ టైములో పాస్టరమ్మగారు వీడియో కాల్ చేసేవాళ్లు. అమ్మ నన్ను చూసి నోరు తెరిచేది, మాట వచ్చేది కాదు. నాకు చూడబుద్ధి కాక ఫోన్ తమ్ముడికి ఇచ్చేసేదాన్ని.

ఒకరోజు కాల్ చేసి, కెమెరా అమ్మ వైపు పెట్టి, ఏమీ మాట్లాడకుండా తన పని తను చేసుకుంటున్నారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అమ్మ జుట్టు చిక్కు తీస్తున్నారు. మా అమ్మది ఒత్తయిన జుట్టు. పడుకుని పడుకుని వెనకవైపు అట్టలా గడ్డకట్టిపోయింది. కత్తిరించేస్తే సుఖమని వార్డులో అన్నారట. "వద్దు సిస్టర్, నేను తీస్తా" అని ఈమె అడ్డుపడ్డారు. కొబ్బరినూనె చేతికి రాసుకుని, దువ్వెన పెడితే నొప్పి పుడుతుందని వేళ్లతోనే, కింది కొసల నుంచి పైకి, ఒక్కొక్క పాయా విడదీస్తున్నారు. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఆ రోజు సగమే అయింది. మర్నాడు మళ్లీ వచ్చి మిగతాది తీసి, జడ అల్లి, కొసకు వాళ్ల పాప రబ్బరు బ్యాండు పెట్టారు. ఎర్రది, దాని మీద చిన్న స్ట్రాబెర్రీ బొమ్మ. అన్ని రోజులూ గుండె రాయి చేసుకుని ఉన్నదాన్ని, ఆ రబ్బరు బ్యాండు చూసి ఏడ్చాను. ఎంతగా అంటే పక్కింటివాళ్లు అమ్మకు ఏదో అయిపోయిందనుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ పని చేయాల్సింది నేను. కడుపున పుట్టిన దాన్ని నేను. మందులు, ఫీజులు, టికెట్లు ఎవరైనా సర్దగలరేమో. ముక్కూమొహం తెలియని ఒకావిడ తల చిక్కు ఎవరు తీస్తారండీ?

జడ అల్లుతూ ఆమె సన్నగా పాడుతున్నారు, అమ్మ చెత్త మోస్తూ పాడిన కీర్తనే. రెండో చరణంలో అమ్మ గొంతు కలిసింది. "అమ్మా" అని కూడా అనలేని మనిషి నాలుగు మాటలు స్పష్టంగా పాడింది. పక్షవాతంలో మాట పోయినా కొందరికి పాట మిగులుతుందని నర్సు చెప్పింది. దేవుడు మా అమ్మకు అది మిగిల్చాడు. ఆ సంగతి కనిపెట్టడానికి ఈ మనిషిని పంపాడు.

ఇప్పుడు ఒక మాట చెప్పక తప్పదు. అమ్మను తీసుకురావడానికి పడ్డ పాట్లలో సగం జబ్బు వల్ల కాదు, కాగితాల వల్ల. అమ్మ అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) గడువు దాటిపోయి ఉంది, రెన్యువల్ చేయించాల్సింది యజమాని. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. 2015లో కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో ఉంది. ఇన్నేళ్లలో ఆ మాట మా అమ్మకు చెప్పినవాళ్లు లేరు. పంపిన ఏజెంట్ ఫోన్ స్విచ్ఛాఫ్. వెళ్లేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా అని కట్టించుకున్నారు, దానికి రెండు మూడేళ్ల గడువని, తర్వాత రెన్యువల్ చేయాలని మాకు ఎవరు చెప్పారు? ఇక్కడ ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, అక్కడ సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీ ఎప్పుడు తెరిచినా ‘పరిశీలనలో ఉంది’ అనే చూపించేది.

తీరా అమ్మ వచ్చాక నెల్లూరులో ఆసుపత్రిలో చేర్పిద్దామంటే బియ్యం కార్డులో అమ్మ పేరు లేదు. ఊళ్లో ఉండటం లేదని, ఈకేవైసీ వేలిముద్ర పడలేదని ఎప్పుడో తీసేశారు. కార్డులో పేరు లేకపోతే ఉచిత వైద్యం లేదన్నారు. మళ్లీ చేర్చడానికి వేలిముద్ర కావాలన్నారు. కుడి చెయ్యి లేవని మనిషిని మంచం మీద నుంచి ఎలా తీసుకెళ్లమంటారు? గల్ఫ్ నుంచి డబ్బు పంపినంతకాలం వీళ్లు రాష్ట్రానికి బిడ్డలు. మంచం పట్టి తిరిగొస్తే కార్డులో పేరు కూడా ఉండదు. మా అమ్మ ఒక్కతే కాదు, ఈ మెట్ట ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్ల పేర్లు ఇలా పోయాయో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. విదేశాల్లో పనిచేసేవాళ్ల పేర్లు తీసేయకుండా పక్కన పెట్టి, తిరిగొచ్చిన రోజునే చేర్చుకోవచ్చు కదా. అంత కష్టమైన పనా ఇది?

కోపంలో ఎక్కువ రాశాను, పోనీండి.

తమ్ముడు సెలవు పెట్టి వచ్చి మద్రాసు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా అన్నీ చూసుకున్నాడు. మా ఆయన, అత్తమ్మ పిల్లల్ని, గేదెల్ని చూసుకున్నారు. పెదమామయ్య డబ్బు సర్దాడు. ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్తే నవ్వుతారు.

పాస్టరమ్మగారికి మాత్రం ఏం చెప్పాలో తెలియడం లేదు. అమ్మ విమానం ఎక్కిన రోజు ఫోన్ చేసి, ఏదైనా ఇవ్వాలని ఉంది, కాదనకండి అన్నాను. "మీ అమ్మ చేత రోజూ పాడించమ్మా, నర్సు చెప్పిందిగా" అన్నారు. అంతే. వెనక వాళ్ల పాప హోంవర్క్ గురించి ఏదో అడుగుతోంది. వీధిలోకి వెళ్లే టైమైందని ఫోన్ పెట్టేశారు. అక్కా, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు. పేరు రాయలేదు, మాట నిలబెట్టుకున్నాను. మా అమ్మకు మీరు నాకంటే ముందు కూతురయ్యారు. నాకు దానికి బాధ లేదు.

అయ్యో, అయ్యగారి గురించి రాయనే లేదు! పగలంతా డ్యూటీ చేసి, రాత్రి యజమాని ఇంటి ముందు గంటలకొద్దీ నిలబడి, ఒక్క మాట గట్టిగా అనకుండా పాస్‌పోర్టు ఇప్పించింది ఆయనే. అకామా ఫైన్ కట్టడానికి శుక్రవారం కూడికలో అక్కలందరూ తలా ఇన్ని దినార్లు వేశారు. వాళ్లవి కూడా ఇళ్లల్లో చేసే పనులే, ఆ డబ్బు ఎంత విలువైనదో నాకు తెలుసు. సెలవు మీద ఇంటికి వస్తూ తన టికెట్ మార్చుకుని మద్రాసు దాకా అమ్మ పక్కన కూర్చున్న కేరళ నర్సు సిస్టర్‌కు కూడా వందనాలు, దారంతా నీళ్లు చెంచాతో పట్టారట. ఆ ఇంటి డ్రైవర్‌కు. శ్రీలంక అమ్మాయికి, నువ్వు ఆ రోజు సైగ చేయకపోతే ఇవేవీ జరిగేవి కావమ్మా. ఆ ఇంటి పెద్ద మామాకు (ఇంటి పెద్దావిడకు) కూడా చెప్పాలి, కొడుకులు ఎలా ఉన్నా ఆవిడ అమ్మ పెట్టె సర్ది, ఆగిన జీతం అందులో పెట్టి పంపింది. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ తోసిన అబ్బాయి డబ్బులిస్తే తీసుకోలేదు, పేరు అడగడం కుదరలేదు. ఇప్పుడు రోజూ వచ్చి ఎక్సర్‌సైజులు చేయిస్తున్న ఆత్మకూరు ఫిజియో తమ్ముడికి కూడా. ఇంకా ఎవరినైనా మర్చిపోతే ఏమీ అనుకోకండి, బుర్ర పనిచేయడం లేదు.

కువైట్‌లో, సౌదీలో, ఖతార్‌లో మీ వాళ్లు ఎవరైనా ఇళ్లల్లో పనిచేస్తుంటే ఈ రాత్రికే ఫోన్ చేసి పాస్‌పోర్టు, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఫోటోలు, పనిచేసే ఇంటి అడ్రసు అడిగి తీసుకోండి. ఇన్సూరెన్స్ గడువు చూడండి. బియ్యం కార్డులో వాళ్ల పేరు ఉందో లేదో చూడండి.

ఇంకొకటి. ఆత్మకూరు, నెల్లూరు, కావలి వైపు నుంచి త్వరలో కువైట్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పాస్టరమ్మగారి పిల్లలకు గౌన్లు, చొక్కాలు కుట్టించాను, గోంగూర పచ్చడి పెట్టాను, రెండు కిలోలు మించదు. మీ ఇంటికే తెచ్చిస్తాం.