డీజిలు మట్టికి బ్యాక్టీరియా మందు

సంపాదకులకు నమస్కారం.

మా వీధి చివర మూతపడిన పెట్రోలు బంకు స్థలంలో జానెడు లోతు తవ్వితే నేటికీ డీజిలు కంపు కొట్టే నల్లటి మట్టిపెళ్లలే వస్తున్నాయి. వాటిని లారీలకెత్తి ఊరి బయట పోయడమంటే మన బెడదను మరొకరి గుమ్మంలో దించడమే. దానికి బదులు, చమురును తినే బ్యాక్టీరియాతో ఆ మట్టిని అక్కడికక్కడే శుద్ధి చేయవచ్చు.

1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు, ఒడ్డున సహజంగానే ఉన్న బ్యాక్టీరియాకు నత్రజని, భాస్వరం ఎరువులు అందించి, చమురును అవి త్వరగా తినేలా చేశారు. మన దేశంలోనూ టెరి అనే పరిశోధన సంస్థ ఇందుకోసం ‘ఆయిల్‌జాపర్’ అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని రూపొందించింది. ఈ జీవులకు గాలి, తేమ కావాలి కనుక మట్టిని తరచూ తిరగదున్ని (మన రైతులకు కొత్త పనేమీ కాదు), నెలల తరబడి ఓపిక పట్టాలి. సీసం వంటి లోహాలను మాత్రం అవి తినలేవు.

ఆ స్థలాన్ని ఇళ్ల ప్లాట్లుగా మార్చేముందే మట్టినీ, పక్క బావుల నీటినీ పరీక్షించి, ఈ శుద్ధి చేయించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు