పిల్లల గదిలో లెసన్ ప్లాన్ల పరిశీలన: బెంగళూరులోని మన తెలుగు సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో పండగల సంగతి తక్కువ, పిల్లల గది సంగతి ఎక్కువ. సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది కవి సమ్మేళనం, నవంబరు 1న ఇరుగుపొరుగు కన్నడిగులతో కలిసి కర్ణాటక రాజ్యోత్సవం ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో మీరు చూసే ఉంటారు. లైబ్రరీకి కొత్త బీరువా వచ్చింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

కింది అంతస్తులో వారాంతాల్లో నడిచే తరగతి గురించి చాలామంది సభ్యులకు వినికిడే తప్ప వివరం తెలియదు. 3 నుంచి 6 ఏళ్ల మధ్య వయసుండి, ప్రత్యేక అవసరాలున్న మన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడికి వస్తారు. ఆటిజం ఉన్నవారు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు, సెరిబ్రల్ పాల్సీ వల్ల నడక కష్టమైనవారు, మాట ఆలస్యమైనవారు అందులో ఉన్నారు. ఈ వయసునే ఎందుకు ఎంచుకున్నారని కిందటి సర్వసభ్య సమావేశంలో ఒకరు అడిగారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇస్తుంది. కానీ అది 6 నుంచి 18 ఏళ్ల వారికి. మెదడు వేగంగా ఎదిగే మొదటి ఏళ్లు అంతకు ముందే గడిచిపోతాయి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్లను పునాది దశ అన్నది కూడా అందుకే. ఆ ఖాళీలో మనం చేయగలిగింది కొంచెమే, కానీ చేస్తున్నాం.

తరగతి మొదలై చాలా కాలమైంది. ఈ ఏడాది కొత్తగా చేసిందేమిటంటే లెసన్ ప్లాన్లను ముందే కూర్చుని పరిశీలించడం. పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో రిజిస్టరైన మన స్పెషల్ ఎడ్యుకేటర్, అప్పుడప్పుడూ వచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (చేతి పనులు, రోజువారీ పనులు అలవాటు చేయించేవారు), రిటైరైన టీచరమ్మలు, ఇద్దరు తల్లులు కలిసి ఒక సమితి అయ్యారు. "చిన్నపిల్లలకు పరీక్షలు పెట్టి మార్కులేస్తున్నారట కదా?" అని కొందరు పెద్దలు ఆందోళన పడ్డారు. పిల్లలకు పరీక్షలేమీ లేవు. పరీక్షంతా మనం రాసుకున్న కాగితాలకే.

ఆ కాగితాల్లో మొదట కనిపించిన లోపం ఒకటే. ప్లాను నిండా టీచరు ఏం చేస్తారో ఉంటుంది, పిల్లవాడు ఏం చేస్తాడో ఉండదు. "పిల్లలు రంగుల గురించి నేర్చుకుంటారు" అని ఒక ప్లాన్‌లో ఉంది. నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుందని మా ఎడ్యుకేటర్ అడిగితే గదిలో ఎవరూ మాట్లాడలేదు. అదే ప్లాను తిరగరాశాక ఇలా అయింది: ఎర్ర గిన్నె, పసుపు గిన్నె ఎదురుగా పెట్టి "ఎరుపు ఇవ్వు" అంటే, మనం వేలితో చూపించకుండానే, ఐదుసార్లలో నాలుగుసార్లు బాబు ఎర్ర గిన్నె అందించాలి. వరుసగా మూడు తరగతుల్లో అలా చేస్తేనే ఆ లక్ష్యం పూర్తయినట్టు. దాని కింద, ప్రస్తుతం బాబు ఎక్కడున్నాడో కూడా రాయాలి. అది రాయని ప్లాను ఇప్పుడు సమితి దాటి రావడం లేదు.

రెండో ప్రశ్న, ఎంత సాయంతో చేశాడన్నది. చేయి పట్టుకుని చేయించామా, చేసి చూపించామా, నోటిమాటతో సరిపోయిందా, తనంతట తానే చేశాడా? ఇది మన సొంత తెలివేమీ కాదు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ, అంటే ఒకప్పటి ఎన్‌ఐఎంహెచ్, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, తయారుచేసిన ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్టులో ఈ పద్ధతి ఉంది. మద్రాసులో పుట్టిన ఎండీపీఎస్ అనే అలాంటిదే మరో చెక్‌లిస్టులో 18 విభాగాలు, 360 అంశాలు ఉంటాయి. మన గదికి అన్నీ అక్కర్లేదు. తినడం, బట్టలు వేసుకోవడం, చేతి పనులు, మాట, నలుగురిలో మెలగడం వరకే తీసుకున్నాం. సాయాన్ని ఎప్పుడు, ఎలా తగ్గిస్తామో కూడా ప్లాన్‌లో ఉండాలన్నాం. లేకపోతే ఏళ్ల తరబడి టీచరు చేయే పనిచేస్తుంది.

కత్తెర పాఠం మీద కొంచెం వాదన నడిచింది. గీత మీద కాగితం కత్తిరించడం లక్ష్యమని ప్లాన్‌లో ఉంటే, ఈ పాప ఇంకా కాగితం చింపడమే రాక ఇబ్బంది పడుతోందని థెరపిస్ట్ గుర్తుచేశారు. ముందు చపాతీ పిండి గిల్లడం, బట్టల క్లిప్పులు నొక్కి తీగకు తగిలించడం, పాత పేపరు చింపడం, ఆ తర్వాతే కత్తెర. పిండి గిల్లే పని ఇంట్లో రోజూ రాత్రి వంటప్పుడు ఎలాగూ ఉంటుంది. ఆ పాప వాళ్ల అమ్మమ్మకి ఈ భాగం బాగా నచ్చింది.

ఇంటర్నెట్‌లో దొరికే ప్లాన్ల గురించి ఒక మాట. రంగురంగుల బొమ్మలతో చూడముచ్చటగా ఉంటాయి. మంచుమనిషికి టోపీ పెట్టే పాఠం, రాలిన ఎర్రటి ఆకులు ఏరే పాఠం కూడా వచ్చిపడ్డాయి. మారతహళ్ళి పిల్లవాడు మంచుమనిషిని ఎక్కడ చూస్తాడు? ఆ పాఠం తీసేసి గొడుగు తెరవడం, తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర విడవడం పెట్టాం. బెంగళూరు వానల్లో ఆ అభ్యాసానికి కరువేం లేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది ఉగాది పచ్చడి పాఠం దగ్గర. "పిల్లలందరూ ఆరు రుచులూ చూస్తారు" అని మొదటి ప్లాన్. వినడానికి ఎంత బాగుందో! కానీ నోటికి కొత్త వస్తువు తగిలితే చాలు ఏడ్చే పిల్లలు మన దగ్గర ఉన్నారు. మింగడం కష్టమైన బాబుకి పచ్చి మామిడి ముక్క గొంతుకు అడ్డం పడితే ప్రమాదం. కొత్త ప్లాన్‌లో ఒకే పళ్లెం చుట్టూ అందరూ కూర్చుంటారు, పని మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఒకరు బెల్లం చిన్న రోలులో దంచుతారు, ఒకరు వేపపువ్వు రెమ్మలు దూస్తారు, ఇంకొకరు నానిన చింతపండు పిసుకుతారు. వాసన చూసినా పాల్గొన్నట్టే. వద్దని చేయి అడ్డం పెట్టడమూ జవాబే, దాన్ని మన్నించాలి. మింగడం ఇబ్బంది ఉన్న బాబుకి ఏ రూపంలో, ఎంత పెట్టాలో స్పీచ్ థెరపిస్ట్‌ను అడిగి రాసుకున్నాం. ఆ రోజు చింతపండు గిన్నె వదలని అమ్మాయి, అంతకుముందు జిగురు చేతికి తగిలితే కేకలు పెట్టేది.

భాష సంగతి ఇంకా నలుగుతోంది. ఇంట్లో తెలుగు, కింద పార్కులో కన్నడ, థెరపీలో ఇంగ్లిష్. మాట ఆలస్యమైన పిల్లలతో ఒకే భాష మాట్లాడండి, అదీ ఇంగ్లిషే, అని బయట కొందరు చెబుతున్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మానాన్నలు ధారాళంగా మాట్లాడే భాషను మాన్పిస్తే నష్టమెక్కువని మా ఎడ్యుకేటర్ కచ్చితంగా అంటున్నారు, నేనూ అదే అంటాను. అందుకే ప్రతి ప్లాన్‌లో సూచన ఏ భాషలో ఇస్తామో, ఇంట్లో ఎవరు ఎలా అడుగుతారో రాసే గడి చేర్చాం.

ఒక పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు గారు, ప్రతి ప్లాన్‌కీ నూటికి మార్కులు వేయాలని పట్టుబట్టారు. కొన్ని నెలలు వేశాం కూడా. అయితే చేతిరాత, బొమ్మలు బాగున్న ప్లాన్‌లకే ఎక్కువ మార్కులు పడుతున్నాయని తల్లులు గమనించారు. ఇప్పుడు మార్కులు లేవు. తరగతి అయ్యాక అదే కాగితం వెనక ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని రెండు మూడు ముక్కలు రాస్తున్నాం. హెడ్మాస్టరు గారు ఇంకా ఒప్పుకోలేదు, కానీ వెనకపేజీలు అందరికంటే శ్రద్ధగా చదివేది ఆయనే.

ఇతర పనులు: ఆంధ్ర, తెలంగాణల నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలకు యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తులో సాయం చేశాం. ఆ కార్డు దేశమంతటా చెల్లుతుంది, ఇప్పటికే ఉన్నవారు ఇక్కడ కొత్తది తీసుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారు ఇలాంటి పిల్లలకు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా గురించి అడిగినవారికి ఫారాలు నింపిపెట్టాం. పండగ కార్యక్రమాల్లో మైకు సౌండు తగ్గించి, పక్క గదిని గోల లేకుండా ఉంచాం. పాటల బృందం కాస్త చిన్నబుచ్చుకుంది.

వచ్చే సమావేశంలో సభ్యులు తేల్చాల్సినవి రెండు. కింది గది నేల జారుతోంది, మ్యాట్ వేయించడానికి భవన నిధి నుంచి ఖర్చుకు అనుమతి కావాలి. ఎదురువీధిలోని ఇద్దరు కన్నడ తల్లులు తమ పిల్లల్నీ తరగతికి తీసుకుంటారా అని అడిగారు. సమితిలో సగంమంది సరేనన్నారు, మిగతావారు సీట్లు, టీచర్లు చాలరంటున్నారు. చేర్చుకోవాలన్నది నా అభిప్రాయం. నిర్ణయం మాత్రం మీ ఓటుది.

భవదీయ,
కార్యదర్శి