కోవిడ్ వార్డుల్లో పనిచేసినవాళ్ళ మనసు సంగతి

సంపాదకులకు నమస్కారం.

మే 12న నర్సుల దినోత్సవం. మా ఆస్పత్రిలో ఏటా కొవ్వొత్తులు వెలిగిస్తాం, ప్రతిజ్ఞ చదువుతాం, ఫొటో దిగుతాం. ఈసారి ఫొటోకి నిలబడేసరికి నా పక్కన ఉండాల్సిన సిస్టర్ లేదు. వెతికితే డ్రెస్సింగ్ రూములో ఒక్కతే కూర్చుని ఉంది. "హాలు ఇప్పుడే తుడిచారక్కా, ఆ హైపోక్లోరైట్ వాసనకి ఉండలేకపోయాను" అంది. 2021 మేలో మా వార్డు రోజుకి నాలుగైదుసార్లు ఆ నీళ్ళతోనే తుడిచేవాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే ఆమెకి గుండె దడ.

నేను 27 ఏళ్ళుగా ప్రభుత్వ నర్సుని. చావు చూడటం నాకు కొత్త కాదు. మామూలు రోజుల్లో మనిషి పోతే పక్కన కూతురో కొడుకో ఉంటారు. వాళ్ళు ఏడుస్తారు, మేం చేయాల్సింది చేస్తాం. కోవిడ్ వార్డులో కూతురూ మేమే, కొడుకూ మేమే. ఒళ్ళంతా కప్పే పీపీఈ కిట్టు వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదు కాబట్టి ఛాతీ మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్ళం. ఒక పెద్దాయన, రిటైరైన మాస్టారు, బడి అలవాటో ఏమో, ఆ పేరు చదివి నన్ను పేరుపెట్టి పిలిచేవారు. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 70కి దిగిన రోజు కూడా "భోంచేశావా అమ్మా" అని అడిగారు. ఆ రాత్రి ఆయన ఫోను నేనే పట్టుకుని మనవరాలికి వీడియో కాల్ చేశాను. కళ్ళజోడంతా ఆవిరి, రెండు జతల గ్లవుజుల్లో వేలు ఎక్కడ నొక్కుతోందో తెలియదు. కాల్ కలిసేసరికి ఆయనకి మాట పడిపోయింది. ఆ పిల్ల "తాతయ్యా, ఇటు చూడు, ఇటు చూడు" అంటూనే ఉంది. ఆ ఫోను ఎప్పుడు పెట్టేయాలో నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. మర్నాడు రాత్రి డ్యూటీకి వెళ్తే ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నారు.

అదే 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందడం ఆలస్యమై 11 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. ట్యాంకర్ ఎందుకు ఆలస్యమైందని అందరూ అడిగారు, అడగాలి కూడా. నాకు మాత్రం ఆ వార్డుల్లో డ్యూటీలో ఉన్నవాళ్ళే కళ్ళముందు మెదిలారు. మా దగ్గర అంత ఘోరం జరగలేదు. కానీ ఖాళీ అయిన ఒక్క ఆక్సిజన్ బెడ్డు కోసం వరండాలో నలుగురు ఎదురుచూడటం చూశాను. డాక్టరుగారు ఒకరి పేరు చెప్పాక, మిగతా ముగ్గురి ఇంటివాళ్ళ ముందునుంచి నడిచి వెళ్ళాల్సింది నర్సే. తప్పు మనది కాదని తెలుసు, అయినా తప్పు చేసినట్టే ఉంటుంది. మాలో చాలామంది మోస్తున్న బరువు అదే. అలసటే కదా అని నాలుగు రోజులు సెలవిస్తే పోయేది కాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2020 మార్చిలో వైద్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించారు. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే అయిదేళ్ళ వరకు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ వరకు జైలు అంటూ ఆ ఏప్రిల్‌లోనే ఆర్డినెన్సు తెచ్చారు. అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్న రోజుల్లో అవి మాకు కొండంత అండ. అయితే ఒకటి ప్రాణం పోయినప్పటికి, ఇంకొకటి బయటివాళ్ళు మీద పడినప్పటికి. చేసిన పనివల్లే మనసు దెబ్బతింటే ఏమిటన్న మాట మా వార్డు దాకా రాలేదు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్, మనసు బాధలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ నంబరు 14416, మంచి సేవ, నేనే ఎందరికో చెప్పాను. కానీ ఆ నంబరు గోడకి అంటించి ఊరుకుంటే నర్సులు ఫోన్ చేయరు. "ఆ సిస్టర్‌కి మెంటలంట" అన్న మాట ఒక్క షిఫ్టులో ఆస్పత్రంతా పాకుతుంది. ఐసీయూకి పనికిరాదంటారేమోనని, సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కిస్తారేమోనని భయం. ఇలాంటి విషయాల్లో గోప్యత మన హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. మాలో ఎంతమందికి తెలుసు?

అందుకే మనసులో మాట చెప్పుకునే ఏర్పాటు డ్యూటీ టైములోనే, అందరికీ ఉండాలి. అడిగినవాళ్ళకే అంటే అడిగినవాళ్ళమీద ముద్ర పడుతుంది. షిఫ్టు దిగిన జట్టంతా ఓ అరగంట కూర్చుని మాట్లాడుకోవాలి. కూర్చోబెట్టే మనిషి సూపరింటెండెంటుగారి కింద పనిచేసేవారు కాకూడదు, బయటినుంచి రావాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి, వాళ్ళ సలహాతో నడపొచ్చు. వరసగా చావులు చూసినవాళ్ళని ఓ వారం ఓపీకి మార్చడానికి బడ్జెట్టు కూడా అక్కర్లేదు. ఎవరికి ఏ డ్యూటీ అన్న రోస్టర్ వేసింది నేనే, అయినా ఆ పని చేయలేదు. మనుషులు చాలడం లేదన్న ఒక్క ఆలోచనే అప్పుడు నాకు. ఆ తప్పు నాది.

తాత్కాలికంగా తీసుకున్నవాళ్ళని ఇందులో మరవొద్దు. కోవిడ్ కోసం తీసుకున్న నర్సుల్లో ఎందరినో ఉధృతి తగ్గగానే పంపేశారు. శవాల సంచులకి జిప్పు వేసి మార్చురీకి తోసుకెళ్ళినవాళ్ళలో ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళున్నారు. ఇంటింటికీ తిరిగి వీధివాళ్ళ చేత మాటలు పడ్డ ఆశా అక్కలున్నారు. వాళ్ళకీ ఈ తలుపు తెరిచే ఉండాలి, ఉద్యోగం పోయాక కూడా.

కేరళలో నిఫా వైరస్ అని వార్త వచ్చినప్పుడల్లా మా నర్సుల గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. 2018లో పెరాంబ్రా ఆస్పత్రిలో రోగికి సేవచేసి అదే జబ్బుతో పోయిన నర్సు లినీ, ఇద్దరు పసిపిల్లల తల్లి, మాకందరికీ గుర్తే. మళ్ళీ ఏదో ఒకటి వచ్చాక చూద్దామనుకుంటే, 2020లో కిట్ల కోసం వెతుక్కున్నట్టే అవుతుంది.

కనీసం నెలకో గంటైనా ఇలా కూర్చునే వీలు కల్పించమని మే 12 తరవాత మా ఆస్పత్రిలో రాసి ఇచ్చాం. అప్పట్లో కోవిడ్ వార్డులో చేసిన 14 మందిమి సంతకాలు పెట్టాం. మొదటి సంతకం డ్రెస్సింగ్ రూములో కూర్చున్న ఆ సిస్టర్‌ది. జవాబు కోసం చూస్తున్నాం.

ఇట్లు,
ఒక హెడ్ నర్సు,
కాకినాడ జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)