బైపీసీ అంటే ఈత మానాలా?

బైపీసీలో చేరగానే పిల్లల చేత ఆటలు మాన్పించడం అన్యాయం. అమెరికా స్విమ్మర్ జెన్నీ థాంప్సన్ 1992 నుంచి 2004 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో 12 పతకాలు గెలిచింది, అందులో ఎనిమిది స్వర్ణాలు. చివరి రెండు రజతాలు ఏథెన్స్‌లో, 31 ఏళ్ల వయసులో, కొలంబియా యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతుండగా వచ్చినవి. తర్వాత మత్తు డాక్టరయింది. మా పక్కింటి అమ్మాయి జిల్లా స్థాయి స్విమ్మర్. ఇంటర్‌లో చేరాక కాలేజీవాళ్లు పొద్దున ఆరింటికే స్టడీ అవర్ పెట్టారు, ప్రాక్టీసు ఆగిపోయింది. ఆమె ఈత కళ్లద్దాలు రెండేళ్లుగా బీరువా మీదే దుమ్ము పట్టి ఉన్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. జిల్లా, రాష్ట్ర స్థాయి క్రీడాకారులకు స్టడీ అవర్ మినహాయించి, పోటీల రోజులకు హాజరు ఇచ్చి, తప్పిన పరీక్ష మళ్లీ రాసే వీలు కల్పిస్తూ ఇంటర్ బోర్డు కచ్చితమైన ఆదేశాలివ్వాలి.