మునగాకు ఇనుములో ఒంటబట్టేదెంతో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఆషాఢం వస్తే చాలు, ఆరోగ్య పేజీల్లో మునగాకు పట్టిక ఒకటి ప్రత్యక్షమవుతుంది. పాలకన్నా 17 రెట్లు కాల్షియం, నారింజకన్నా 7 రెట్లు విటమిన్ సి, పాలకూరకన్నా 25 రెట్లు ఇనుము. వాట్సాప్‌లో తిరిగేవీ, పొడి డబ్బాల మీద అచ్చయ్యేవీ ఇవే అంకెలు. మునగాకు మేలైన ఆకుకూర, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ పట్టికను నమ్మి ఏ గర్భిణి అయినా ఐరన్ మాత్ర మానేసి చెంచాడు పొడితో సరిపెట్టుకుంటే తల్లికీ బిడ్డకీ ముప్పే. అందుకే ఈ ఉత్తరం.

ఆ పట్టికలో ఇనుము, కాల్షియం లెక్కలు ఎండు పొడివి. విటమిన్ సి లెక్క పచ్చి ఆకుది. రెండింటినీ కలిపి ఒకే వరుసలో పెట్టేశారు. పచ్చి మునగాకులో నూటికి 75 పాళ్లు నీరే. ఆ నీరంతా పోయాక మిగిలిన 100 గ్రాముల పొడిని, 90 పాళ్లు నీరున్న పచ్చి పాలకూర 100 గ్రాములతో పోలిస్తే పొడిదే పైచేయి అవుతుంది, అది ఏ ఆకు పొడైనా సరే. పైగా ఆకు ఎండేటప్పుడు విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. పొడి డబ్బా మీద ‘నారింజకన్నా 7 రెట్లు’ అని వేయడం వినియోగదారుణ్ణి తప్పుదోవ పట్టించడమే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పోషక విలువల పట్టికలను చూస్తే 100 గ్రాముల పచ్చి మునగాకులో ఇనుము దాదాపు 4.5 మి.గ్రా., కాల్షియం 300 మి.గ్రా.కు పైన. ఎండు పొడిలో ఇనుము 100 గ్రాములకు 28 మి.గ్రా. అని ప్రచారంలో ఉంది. దాన్నే తీసుకుందాం. చిన్న చెంచాడు పొడి సుమారు 3 గ్రాములు తూగుతుంది. అంటే అందులో ఇనుము 0.85 మి.గ్రా. మన తరహా భోజనంలోని ఇనుములో ఒంటబట్టేది నూటికి 5 నుంచి 8 పాళ్లని వేసుకుంటే, ఆ చెంచాడు పొడి వల్ల రక్తంలోకి చేరేది 0.07 మి.గ్రా. కూడా ఉండదు. ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుము 60 మి.గ్రా., దానితోపాటు ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. ఈ రెండింటికీ పోలికే లేదు.

ల్యాబ్ రిపోర్టుల్లోనే ఒక్కోసారి అంకెలు ఎందుకు ఉబ్బిపోతాయో కూడా పాఠకులకు తెలియాలి. ఆకును కొలిమిలో 550 డిగ్రీల దగ్గర బూడిద చేసి, ఆ బూడిదను ఆమ్లంలో కరిగించి, అటామిక్ అబ్సార్‌ప్షన్ యంత్రంలో (మూలకం ఎంత కాంతిని పీల్చుకుందో చూసి దాని మోతాదు చెప్పే యంత్రం) 248.3 నానోమీటర్ల కాంతి దగ్గర ఇనుమును కొలుస్తారు. యంత్రానికి ఆకులోని ఇనుమేదో, ఆకు మీది దుమ్ములో ఉన్న ఇనుమేదో తెలియదు. మన ఎర్రనేలల రంగే ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. రోడ్డు పక్క చెట్టు నుంచి కోసిన ఆకును కడగకుండా పరీక్షకు పెడితే మట్టిలోని ఇనుము కూడా ఆకు ఖాతాలో పడుతుంది. మామూలు ఉక్కు బ్లేడున్న మిక్సీలో పొడి కొట్టినా అంతే. అందుకే ఆకును ముందు కుళాయి నీళ్లతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడగాలి. గాజుసామాను 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానాలి. అదే నమూనాలో అల్యూమినియం గానీ టైటానియం గానీ కొలిచి చూడాలి. మట్టిలో దండిగా, ఆకులో అత్యల్పంగా ఉండే మూలకాలవి. అవి ఎక్కువగా కనిపిస్తే ఆ ఇనుము అంకెను పక్కన పెట్టాల్సిందే. ఈ జాగ్రత్తల ప్రస్తావన లేని రిపోర్టును మేమైతే నమ్మం.

ఒంటబట్టేదెంతో అంచనా వేసే పరీక్ష వేరే ఉంది. వండిన కూరను, అన్నంతో సహా, మెత్తగా రుబ్బి పీహెచ్ 2కు, అంటే కడుపులోని పులుపుకు, తెచ్చి, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము కలిపి, 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఊపుతారు. అది జీర్ణాశయం పని. తర్వాత సోడియం బైకార్బొనేట్ నింపిన డయాలిసిస్ సంచిని (చిన్న అణువులను మాత్రమే లోపలికి పోనిచ్చే పలుచని పొర సంచి) అందులో వేస్తారు. అరగంటలో పీహెచ్ మెల్లగా పైకి వచ్చాక ప్యాంక్రియాటిన్ (క్లోమగ్రంథి ఎంజైముల మిశ్రమం), పైత్యలవణాలు కలిపి మరో రెండు గంటలు ఉంచుతారు. సంచిలోకి దిగిన ఇనుమే పేగు పీల్చుకోవడానికి వీలున్న ఇనుము. తొందరపడి బైకార్బొనేట్‌ను ఒక్కసారిగా పోస్తే ఇనుము హైడ్రాక్సైడ్‌గా మారి అడుక్కు దిగిపోతుంది, ఫలితం తక్కువగా వస్తుంది. కాబట్టి ప్రతి విడతలోనూ, ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడే విటమిన్ సి కలిపిన నమూనా ఒకటి పెట్టుకోవాలి. అందులో అంకె పెరగకపోతే ఆ విడత మొత్తాన్నీ పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకాస్త ముందుకెళ్లే ల్యాబ్‌లు, ఇలా జీర్ణమైన ద్రవాన్ని కాకో-2 అనే పేగు తరహా కణాల మీద పోసి, అవి తయారుచేసే ఫెరిటిన్‌ను, అంటే ఇనుమును నిల్వ చేసే ప్రోటీన్‌ను, కొలుస్తాయి.

ఈ పరీక్షలన్నీ మునగాకు, గోంగూర, తోటకూరల్లో ఏది మెరుగో పోల్చడానికి పనికొస్తాయి. మనిషికి ఇన్ని మిల్లీగ్రాములు అందుతుందని చెప్పడానికి అవి చాలవు. ఎలుకల ఫలితాలూ అంతే. ఎలుక విటమిన్ సిని తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. ఇనుమును కట్టిపడేసే ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైము దాని పేగులో మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎలుకకు రక్తం పట్టించిన ఆకు మనిషికీ అంతే పట్టిస్తుందనుకోవడానికి వీల్లేదు.

మనుషుల మీద జరిగిన మంచి పరిశోధన మన హైదరాబాద్‌లోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ వారు అన్నం ప్రధానమైన భోజనంలోని ఇనుమును స్థిర ఐసోటోపులతో (రేడియోధార్మికత లేని, బరువులో తేడా ఉన్న ఇనుము రకాలతో) గుర్తుపెట్టి, దానితోపాటు విటమిన్ సి దండిగా ఉండే జామపండు ఇచ్చి చూశారు. కౌమార వయసు పిల్లల్లో ఇనుము శోషణ రెట్టింపుకు పైగా పెరిగింది. 2013లో అచ్చయిన పరిశోధన ఇది. ఇలాంటిదానికి మొదటి పేజీలో చోటిచ్చినా తప్పులేదు. జామకాయకు ప్రచారం చేసిపెట్టే కంపెనీ ఏదీ లేకపోవడం వల్లనేమో, ఎవరికీ పట్టలేదు.

ఔషధ మొక్కల వార్తలదీ ఇదే తంతు. ‘ఫలానా ఆకుతో క్యాన్సర్ కణాలు ఖతం’ అన్న వార్త వెనక సాధారణంగా ఉండేది, గాజుపళ్లెంలోని కణాల మీద మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల మిథనాల్ సారం పోసిన ప్రయోగం. ఆ గాఢత మనిషి రక్తంలో రావాలంటే అయిదు లీటర్ల రక్తంలోకి అర గ్రాము సారం ఏమాత్రం విరగకుండా చేరాలి. కషాయం తాగితే అది జరిగే పని కాదు. ‘యాంటీ ఆక్సిడెంట్’ అంకెలు చాలావరకు డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణం ఎంత వెలిసిపోయిందో చెప్పేవే. అలాంటి మరో పరీక్ష ఓఆర్ఏసీ. దాని విలువల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ సంబంధం తేలలేదనీ, అమ్మకందార్లు వాటిని దుర్వినియోగం చేస్తున్నారనీ చెప్పే తీసేసింది.

పచ్చకామెర్లకు మనవాళ్లు వాడే నేల ఉసిరి సంగతి ఇంకా గట్టి ఉదాహరణ. 1988లో మద్రాసులో హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవారికి ఈ మొక్క పొడిని 200 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు 30 రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన ఈ ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో అది మళ్లీ రాలేదు. నేల ఉసిరి పేరుతో బజారులో రెండు మూడు జాతుల మొక్కలు కలిసే దొరుకుతాయన్నది అప్పుడూ ఇప్పుడూ ఉన్న చిక్కు. మొక్క నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను దాచే భాండాగారంలో) భద్రపరచి, ఆ నంబరు రాయని పరిశోధనను ఇంకొకరు సరిచూసే దారే ఉండదు.

కాబట్టి మా మనవి. ల్యాబ్ వార్త వేసేటప్పుడు అది గాజునాళికలో జరిగిందో, కణాల మీదో, ఎలుకల మీదో, మనుషుల మీదో మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎంత మోతాదు, పచ్చిదా, ఎండుదా, సారమా అన్నది రాయండి. మునగాకు పట్టికను పచ్చి ఆకుకు వేరుగా, పొడికి వేరుగా, ఒకరు నిజంగా తినే కొలతకు ముద్రించండి.

ఇక మునగాకు తినడం గురించి. లేత ఆకును బాగా కడిగి పప్పులోనో వేపుడులోనో వండుకోవచ్చు. అందులోని బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే చెంచాడు నూనె తప్పదు. దించాక నిమ్మరసం పిండితే ఇనుముకు మేలు, పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది. భోజనంతోపాటు టీ తాగితే ఇనుము శోషణ సగానికి పైగా పడిపోతుంది, గంటన్నరైనా ఆగాలి. పొడి చేసుకోవాలంటే ఆకును నీడలో, గాలి ఆడేచోట పలుచగా పరిచి, చేత్తో నలిపితే గలగల విరిగేదాకా ఎండనివ్వాలి. ఎండలో పెడితే బీటా కెరోటిన్ పోతుంది, తడి మిగిలితే బూజు పడుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క, 7కు తగ్గితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు మాత్ర వేసుకోవాలి. మునగాకు మీద మీరు వ్యాసం వేసిన ప్రతిసారీ దాని పక్కనే ఈ మూడు వాక్యాలూ పెట్టెకట్టి వేయమని కోరుతున్నాం.

ఇట్లు
పోషకాహార రసాయన పరిశోధకులు, హైదరాబాద్