ముందు మా కాలనీ పక్క ఆటల హాలు తాళం తీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఇంట్లో మీ స్పోర్ట్స్ పేజీ ముందు మామయ్యగారు చదువుతారు, తర్వాత నేను, చివరికి మా పాప. వింటర్ ఒలింపిక్స్ వచ్చినప్పుడు మాత్రం అందులో మెడల్స్ పట్టిక తప్ప చదవడానికి పెద్దగా ఏం దొరకదు. మా పాపకి పదకొండేళ్ళు, ఫోన్‌లో కర్లింగ్ చూసి "అమ్మా ఇది ఐస్ మీద క్యారమ్స్ కదా" అంది, ఇక అప్పట్నుంచి ఇద్దరం కూర్చుని జపాన్ అమ్మాయిల పాత మ్యాచ్‌లు దొరికినవన్నీ చూసేశాం.

నిజంగానే క్యారమ్స్ లాంటిదే అండి. 20 కిలోల దాకా బరువుండే గ్రానైట్ రాయిని ఐస్ మీద జారవిడుస్తారు, అవతలి వాళ్ళ రాయిని కొట్టి బయటికి పంపాలి, లేదా మన రాయికి ముందు ఇంకోటి అడ్డం పెట్టి కాపాడుకోవాలి. మనం బోర్డు మీద పౌడర్ చల్లినట్టు వాళ్ళు ఐస్ మీద నీళ్ళ చుక్కలు చల్లుతారు, అవి సన్న బొడిపెల్లా గడ్డకడితే రాయి వాటి మీద నుంచి జారుతుంది, ముందు ఇద్దరు బ్రష్‌లతో రుద్దుకుంటూ పోతుంటారు, రుద్దితే రాయి ఇంకాస్త దూరం వెళ్తుంది, వంపు తగ్గుతుంది. క్యారమ్స్‌లో వరల్డ్ ఛాంపియన్ అయిన అపూర్వ మన హైదరాబాద్ ఆవిడే, ఈ ఆట మనవాళ్ళకి ఎక్కదు అంటే నేను ఒప్పుకోను.

మా పాపకి ఇష్టమైన ప్లేయర్ సత్సుకి ఫుజిసావా. 1991లో జపాన్‌లోని హొక్కైడో దీవిలో కిటామి అనే ఊళ్ళో పుట్టింది. స్కూల్ చదువు అయ్యాక కరుయిజావా వెళ్ళి ఓ కరెంటు కంపెనీ టీమ్‌కి స్కిప్ అయింది, అంటే ప్లాన్ వేసేదీ చివరి రాళ్ళు వదిలేదీ తనే. 2011 నుంచి 2014 దాకా వరసగా 4 సార్లు నేషనల్స్ గెలిచింది. అంత గెలిచి కూడా సోచి ఒలింపిక్స్ సెలెక్షన్‌లో ఓడిపోయింది! 2015లో సొంతూరి వైపు తిరిగొచ్చి లోకో సొలారె అనే టీమ్‌లో చేరింది. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో బ్రాంజ్, కర్లింగ్‌లో జపాన్‌కి మొదటి ఒలింపిక్ మెడల్ అదే. 2022 బీజింగ్‌లో లీగ్ ఆఖరి మ్యాచ్ స్విట్జర్లాండ్ చేతిలో పోయింది, అయిపోయిందనుకుని ఏడుస్తుంటే సెమీస్‌కి వచ్చారని తెలిసింది, మళ్ళీ అదే స్విట్జర్లాండ్‌ని సెమీస్‌లో కొట్టారు. ఫైనల్‌లో బ్రిటన్ చేతిలో 10-3తో ఓడి సిల్వర్ తెచ్చుకున్నారు. 2026 ఒలింపిక్స్ సెలెక్షన్‌లో మాత్రం వాళ్ళకి చోటు దక్కలేదు, ఆ రోజు మా పాప సరిగ్గా అన్నం కూడా తినలేదు.

కానీ నేను రాయాలనుకున్నది మెడల్స్ గురించి కాదండి, ఆ లోకో సొలారె టీమ్ పుట్టిన టోకోరో అనే ఊరి గురించి. ఇప్పుడది కిటామిలో కలిసిపోయింది, ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉల్లిగడ్డ పొలాలు, అంతే. 1980ల మొదట్లో యూజీ ఒగురి అనే ఆయన ఆ ఊరివాళ్ళకి ఈ ఆట అలవాటు చేశారు, రాళ్ళు లేకపోతే బీరు పీపాలతో ఆడించారట. 1988లో ఊళ్ళో ఇండోర్ కర్లింగ్ హాలు కట్టారు. పిల్లలు స్కూలైపోగానే అక్కడికే. మెడల్ వచ్చింది 30 ఏళ్ళకి. బ్రాంజ్ తీసుకుని ఊరికి వచ్చినప్పుడు ఆ టీమ్‌లోనే ఆడే చినామి యోషిదా అన్న మాట నాకు చాలా నచ్చింది, ఈ ఊళ్ళో ఏమీ లేదు, ఇక్కడుంటే కలలు నెరవేరవు అని చిన్నప్పుడు అనుకున్నాను, ఇప్పుడు చూస్తే ఇక్కడ లేకపోయుంటే నెరవేరేవి కావు అనిపిస్తోంది అని.

మా కాలనీ పక్కనా ఒక ఇండోర్ హాలు ఉంది. రెండు షటిల్ కోర్టులు, లైట్లు, అన్నీ ఉన్నాయి, కానీ తాళం. పెళ్ళి ఫంక్షన్లప్పుడు తెరుచుకుంటుంది. నేను మూడుసార్లు వెళ్ళి అడిగాను, ఆఫీసులో సార్ లేరన్నారు, లెటర్ పెట్టమన్నారు, పెట్టాను, నాలుగు నెలలైంది. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఉంది, సైనా, సింధు అక్కడే తయారయ్యారు, మనందరికీ గర్వమే, కానీ మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి, సాయంత్రం ట్రాఫిక్‌లో పిల్లని తీసుకెళ్ళి తీసుకురావడం ఉద్యోగం చేసుకునే నాలాంటి వాళ్ళ వల్ల అయ్యేపని కాదు.

సిటీలో ఇలాంటి హాళ్ళు ఎన్ని ఉన్నాయి, ఏవి ఏ టైమ్‌కి తెరుస్తున్నారు, పిల్లల దగ్గర ఎంత తీసుకుంటున్నారు, మీ రిపోర్టర్లు ఒకసారి సాయంత్రం ఐదు గంటలకి తిరిగి చూసి ఏరియా వారీగా రాయండి, ఫోటోలతో సహా. వేసవి సెలవులు మొదలయ్యేలోపు వస్తే బాగుంటుంది.

ఇట్లు
ఒక పాఠకురాలు, హైదరాబాద్